కాలిబాటను స్వేచ్ఛాపటానికి చేర్చడం: సీమ కొండల్లో ఏ పద్ధతి ఎక్కడ తగినది

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల కొండల్లో నడిచేవారు తమకు తెలిసిన కాలిబాటలను, అందరూ కలిసి గీసే స్వేచ్ఛాపటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు చేర్చాలనుకున్నప్పుడు వారి ముందు అనేక పద్ధతులు ఉంటాయి. ఉపగ్రహ చిత్రం చూసి ఇంట్లో కూర్చొనే గీయవచ్చు. ఫోన్‌లో ట్రాక్ (నడిచిన దారిని చూపే జీపీఎస్ బిందువుల వరుస) రికార్డు చేసి ఆ ఫైలును ఉన్నదున్నట్టు అప్పగించవచ్చు. అదే ట్రాక్‌ను ఆధారంగా పెట్టుకొని స్వయంగా గీత గీసి, బాట స్వభావాన్ని రాయవచ్చు. ఇవేవీ కాక, ‘ఇక్కడ బాట ఉంది’ అని ఒక నోట్ మాత్రం వదలవచ్చు. ప్రతి పద్ధతికీ తగిన సందర్భం ఉన్నప్పటికీ, ఎర్రమలల నాపరాతి పలకలకు, అనంతపురం బోడిగుట్టలకు, నల్లమల అడవికి ఇవన్నీ ఒకే విధంగా సరిపోవు. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మన ప్రాంతంలో బాటను నడిచి రికార్డు చేసి, ఇంటికి వచ్చాక ఐడీ అనే పటం సవరించే ఎడిటర్‌లో గీసి, నేల తీరు, నీటివసతి, అనుమతుల వివరాలు చేర్చే పద్ధతే ఎక్కువమందికి తగినది. ఎందుకు అన్నది కింద వివరిస్తాను, ఎక్కడ అది అవసరం లేదో కూడా చెబుతాను.

ఎక్కడికి పంపాలి

నడిచిన ట్రాక్‌ను పెట్టగల చోట్లు చాలా ఉన్నాయి, కానీ అవన్నీ ఒకే పని చేయవు. వికీలాక్, ఆల్‌ట్రైల్స్ వంటి యాప్‌లు ఒక వ్యక్తి ఒక రోజు చేసిన నడకను ఫొటోలతో, ఎత్తుపల్లాల రేఖతో సహా భద్రపరుస్తాయి. పెనుకొండ కోట ఎక్కిన అనుభవాన్ని తోటివారితో పంచుకోవడానికి అవి చక్కని చోట్లు. అయితే పదిమంది ఎక్కితే అక్కడ పది వేర్వేరు గీతలు ఉంటాయి. ఆ పదీ కలిసి ఒక బాటగా మారవు. ఆ బాట ఏ రోడ్డు నుండి చీలుతుందో, ఎక్కడ మరొక బాటతో కలుస్తుందో వాటిని చూసి యంత్రం తెలుసుకోలేదు. గూగుల్ మ్యాప్స్‌లోనూ లేని రోడ్డును సూచించే వీలుంది. ఎక్కువమంది చూసే పటం అదే కాబట్టి గుడి, హోటలు, బస్టాండు వంటి వాటికి అక్కడ సవరణలు పంపడం మంచిదే. కానీ సూచనను స్వీకరించడం, మానడం ఆ సంస్థ చేతిలో ఉంటుంది. అలా చేరిన డేటాను ఒక పంచాయతీ గానీ, ఒక కళాశాల విద్యార్థులు గానీ మొత్తంగా దించుకొని తమ పటం తాము తయారుచేసుకోలేరు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ ప్రారంభించారు. 2012 సెప్టెంబరు నుండి దాని డేటా ఓపెన్ డేటాబేస్ లైసెన్సు కింద లభిస్తోంది. ఎవరైనా దానిని ఉచితంగా వాడుకోవచ్చు, కాకపోతే ఆధారాన్ని పేర్కొనాలి, దానిని మార్చి ప్రచురించిన డేటాబేసును అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఇక్కడ గీసిన బాట ఊరి రోడ్డుతో, వంకతో, గుడితో కలిసి ఒకే అల్లికలో భాగమవుతుంది. ఓస్మ్‌ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌లు ఆ డేటాను ముందుగానే ఫోన్‌లోకి దించుకొని, సిగ్నల్ లేనిచోట కూడా దారి చూపుతాయి. మహాశివరాత్రికి ఆత్మకూరు వైపు నుండి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా శ్రీశైలానికి అడవిలో నడిచే భక్తులకు ఉపయోగపడే పటం నెట్‌వర్కు మీద ఆధారపడేది కాకూడదు. నేను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ఎంచుకోమనడానికి ఈ ఒక్క కారణమే చాలు.

ఈ ఎంపికతో ఒక కట్టుబాటు కూడా వస్తుంది. గూగుల్ పటంలో కనిపించే బాటను చూసి ఇక్కడ గీయకూడదు. మరొకరు వికీలాక్‌లో పెట్టిన ట్రాక్‌ను వారి అనుమతి లేకుండా తెచ్చి చేర్చకూడదు. బింగ్, ఎస్రీ ఉపగ్రహ చిత్రాలను చూసి గీయడానికి అనుమతి ఉంది, స్ట్రావా యాప్ వాడేవారు ఎక్కువగా తిరిగిన దారులను వెలుగుతో చూపే హీట్‌మ్యాప్‌ను ఆధారంగా తీసుకోవడానికి కూడా ఉంది. సొంతంగా నడిచి, సొంత ఫోన్‌లో రికార్డు చేసిన ట్రాక్ విషయంలో ఈ ప్రశ్నలేవీ తలెత్తవు.

చిత్రం చూసి గీయడం, నడిచి గీయడం

పోలికలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. ఉపగ్రహ చిత్రం చూసి గీయడం వేగంగా సాగుతుంది, ఖర్చు ఉండదు, ఎండ తగలదు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి పొలాల మధ్య సాగే బండ్లబాటలు చిత్రంలో స్పష్టంగా కనిపిస్తాయి. వాటి కోసం ప్రత్యేకంగా నడిచి రికార్డు చేయవలసిన పని లేదు. ట్రాక్టర్లు, ఎద్దులబండ్లు తిరిగే దారి తగినంత వెడల్పుగా ఉంటుంది, అంచులు తేటగా ఉంటాయి, మీటరో రెండు మీటర్లో అటూఇటూ అయినా రైతుకు గానీ బాటసారికి గానీ నష్టం లేదు. ఇలాంటి చోట చిత్రమే మేలైన ఎంపిక అని నిస్సంకోచంగా చెబుతాను.

కొండ ఎక్కేసరికి పరిస్థితి మారుతుంది, అదీ రెండు విధాలుగా. అనంతపురం వైపు గుట్టల మీద చెట్టుచేమ తక్కువ. ఉన్న కొద్దిపాటి గడ్డిలో గొర్రెలు, మేకలు రోజూ తిరిగిన జాడలు తెల్లని సన్నని గీతలుగా పైనుండి ఎంతో స్పష్టంగా కనిపిస్తాయి. అవి వాలుకు అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి సాగి, ఎక్కడా చేరకుండానే ఆగిపోతాయి. ఇంట్లో కూర్చొని గీసేవారు వాటిని కాలిబాటలుగా పొరబడి పటం నిండా గీతలు నింపే ప్రమాదం ఉంది. ఆ గీతను నమ్ముకొని సాయంత్రం గుట్ట దిగబోయినవారు తుమ్మచెట్ల మధ్య చిక్కుకుంటారు.

ఎర్రమలల్లో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. గండికోట చుట్టుపక్కల, పెన్నానది కోసుకుపోయిన లోయ అంచున, బాట చాలాచోట్ల మట్టి మీద కాక బండల మీదుగా సాగుతుంది. తరతరాలుగా మనుషులు నడిచిన దారి అయినా ఆ రాయి మీద చిత్రంలో కనిపించేంత జాడ మిగలదు. నడిచేవారికి మాత్రం రాళ్లు పేర్చిన గుర్తు, సున్నం పూసిన బండ, పాదాలు తగిలి నునుపెక్కిన మెట్టు దారి చెబుతూనే ఉంటాయి. చిత్రంలో స్పష్టంగా కనిపించేది బాట కాకపోవచ్చు, అసలు బాట చిత్రంలో కనిపించకపోవచ్చు. ఈ రెండు పొరపాట్లను గుర్తుపెట్టుకుంటే మన ప్రాంతంలో నడక ఎందుకు తప్పనిసరో వేరే చెప్పనక్కరలేదు.

నల్లమలలో, పాలకొండల్లో మరొక అంశం కూడా ఉంది. ఆ అడవుల్లో అధికభాగం ఎండాకాలంలో ఆకు రాల్చే రకం. ఎండాకాలపు చిత్రంలో కనిపించే బాట వానాకాలపు చిత్రంలో పచ్చదనం కింద మాయమవుతుంది. అందువల్ల బింగ్ చిత్రంలో కనిపించనిది ఎస్రీ చిత్రంలో కనిపించవచ్చు. గీసేముందు రెండింటినీ మార్చి చూడటం మంచి అలవాటు. అంతేకాక కొండల మీద ఉపగ్రహ చిత్రాలు అసలు చోటునుండి కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండటం సాధారణం, ఏటవాలు ఎక్కువైన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. చిత్రాన్ని సరైన చోటికి జరపడానికి ఆధారం మళ్లీ నడిచినవారి ట్రాక్‌లే.

అలాగని ట్రాక్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఆరుబయట ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల లోపు తేడాతో చోటును చూపుతుంది. గండికోట లోయలో నిటారు రాతిగోడల మధ్య ఉపగ్రహాల సంకేతం గోడలకు తగిలి తిరిగి రావడం వల్ల ఆ తేడా ఎన్నో రెట్లు పెరుగుతుంది. పటంలో చూస్తే మనిషి నదిలో నడిచినట్టూ, గోడ ఎక్కి దిగినట్టూ కనిపిస్తుంది. అటువంటి చోట పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి రికార్డు చేసి, రెండింటి నడుమ చిత్రంతో పోల్చుకుంటూ గీత గీయాలి. వేర్వేరు రోజుల్లో నడిచిన ట్రాక్‌లు దొరికితే మరీ మంచిది, ఉపగ్రహాల అమరిక మారుతుంది కాబట్టి పొరపాట్లు ఒకే వైపు పేరుకోవు. మొత్తం మీద కొండ మీద గీతకు ఆకారం ఇవ్వవలసింది ట్రాక్, దానిని నునుపు చేయవలసింది చిత్రం. పొలంలో చిత్రమే రెండు పనులూ చేస్తుంది.

దేనితో రికార్డు చేయాలి

దీనికి పెద్ద చర్చ అవసరం లేదు. చేతిలో ఉన్న ఫోన్ చాలు. ఓస్మ్‌ఆండ్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది, దించుకున్న పటం మీదే ట్రాక్‌ను చూపుతుంది కాబట్టి తెలియని కొండకు వెళ్లేవారికి దానినే సూచిస్తాను. ఆండ్రాయిడ్‌లోని ఓఎస్‌ఎమ్‌ట్రాకర్ పటం కంటే గుర్తుల మీద శ్రద్ధ పెడుతుంది. నడుస్తూనే ఒక బొత్తాం నొక్కి చోటును గుర్తించవచ్చు, ఫొటో తీయవచ్చు, ‘ఇక్కడ దోనలో (రాతిగుంటలో) నీళ్లున్నాయి’ అని గొంతుతో చెప్పి దాచుకోవచ్చు. బాట తెలిసినవారు, వివరాలు సేకరించడానికే వెళ్లేవారు దీనిని ఎంచుకోవాలి. గార్మిన్ ఈట్రెక్స్ వంటి చేతి జీపీఎస్‌లలో మార్చుకోగల ఏఏ బ్యాటరీలు వాడవచ్చు కాబట్టి రెండుమూడు రోజులు అడవిలో ఉండేవారికి అవి భరోసా. ఒక పూట కొండెక్కి వచ్చేవారు దానికోసం డబ్బు ఖర్చు పెట్టనక్కరలేదు.

సాధనం కంటే అమరికలే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. మనిషి గంటకు 4 నుండి 5 కిలోమీటర్లు నడుస్తాడనుకుంటే సెకనుకు 1 మీటరు పైచిలుకు కదులుతాడు. కాబట్టి 5 సెకన్లకు ఒక బిందువు చొప్పున రికార్డు చేస్తే బిందువుల మధ్య 6, 7 మీటర్ల దూరం ఉంటుంది. పొలం గట్లకు అది చాలు, మెలికలు తిరిగే మెట్లదారికి 1 లేదా 2 సెకన్లు పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ పొదుపు అమరిక వెనుక నడిచే యాప్‌ను ఆపివేస్తుంది. ఇంటికి వచ్చి చూస్తే సగం బాట కనిపించదు. బయలుదేరేముందే ఆ యాప్‌కు ఆ అమరిక నుండి మినహాయింపు ఇవ్వాలి. జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అవసరం లేదు గానీ, సిగ్నల్ లేనిచోట మొదటిసారి చోటు పట్టుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. అందుకని నడక మొదలుపెట్టే ముందు ఆరుబయట కాసేపు నిలబడటం మంచిది. ఫోన్‌ను ప్యాంటు జేబులో కంటే వీపుసంచి పై అరలో ఉంచితే ట్రాక్ మెరుగ్గా వస్తుంది.

ఫైలుగా అప్పగించడమా, గీతగా గీయడమా

ట్రాక్ నిలవ ఉండే జీపీఎక్స్ ఫైలును ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులో అప్‌లోడ్ చేస్తే బాట దానంతటదే పటంపైకి వస్తుందని కొత్తవారు అనుకోవడం సహజం. అలా జరగదు. ఆ ఫైలు ముడి ఆధారంగా సర్వరులో ఉండిపోతుంది. మీరే గానీ మరొకరు గానీ దానిని నేపథ్యంగా పెట్టుకొని గీసినప్పుడే అది బాట అవుతుంది. సీమ కొండల్లో పనిచేసే వాలంటీర్లు తక్కువ కాబట్టి, ఫైలు ఇచ్చి ఎవరో గీస్తారని ఎదురుచూడటం కంటే స్వయంగా గీయడమే మేలు.

అప్‌లోడ్ అసలు అవసరమా అంటే, గీయడానికి మాత్రం అవసరం లేదు. ఐడీ ఎడిటర్ తెరిచి ఫైలును పటం మీదకు లాగితే అది గీతగా కనిపిస్తుంది, సర్వరుకు చేరకుండానే పని జరుగుతుంది. కానీ లోయల్లో, అడవుల్లో రికార్డు చేసిన ట్రాక్‌లను అప్‌లోడ్ చేయాలని నేను గట్టిగా కోరుతాను. తర్వాత వచ్చేవారు తమ ట్రాక్‌తో పోల్చుకొని సగటు తీసుకోవడానికి, చిత్రం ఎంత జరిగి ఉందో తేల్చుకోవడానికి అవి ఆధారమవుతాయి. ఊరి వీధుల్లో నడిచిన ట్రాక్‌లతో అంత ప్రయోజనం లేదు. పైగా అవి మీ ఇంటిని బయటపెడతాయి.

ఈ చివరి మాటను తేలికగా తీసుకోకూడదు. స్ట్రావా విడుదల చేసిన హీట్‌మ్యాప్‌లో సైనిక స్థావరాల లోపలి దారులు సైతం వెలుగుతూ కనిపించాయని 2018 జనవరిలో బయటపడింది. సైనికులకు జరిగినది ఒంటరిగా నడిచే మహిళకు మరింత సులభంగా జరగవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అప్‌లోడ్‌లో నాలుగు రకాల గోప్యత ఉంది. ప్రైవేట్, పబ్లిక్ అన్న రెండింటిలో బిందువులు పేరు లేకుండా, వరుస లేకుండా బయటికి కనిపిస్తాయి. పబ్లిక్‌లో ఫైలు జాబితాలోనూ కనిపిస్తుంది. ట్రాకబుల్‌లో పేరు ఉండదు గానీ బిందువులు సమయంతో, వరుసగా లభిస్తాయి. ఐడెంటిఫయబుల్‌లో పేరు కూడా తెలుస్తుంది. ప్రైవేట్ అని ఎంచుకున్నా బిందువులు పూర్తిగా దాగవని గమనించాలి. పటం గీసేవారికి వరుస కావాలి, నడిచినవారికి మరుగు కావాలి కాబట్టి ట్రాకబుల్ తగిన మధ్యేమార్గం. ఏది ఎంచుకున్నా, ఇంటి దగ్గరి మొదటి భాగాన్ని, చివరి భాగాన్ని కత్తిరించిన తర్వాతే అప్‌లోడ్ చేయాలి. సమయం నమోదుకాని ఫైలును సర్వరు స్వీకరించదు కాబట్టి కత్తిరించేటప్పుడు సమయాలను చెరిపివేయకూడదు.

ఏ ఎడిటర్

ఐడీ బ్రౌజరులోనే తెరుచుకుంటుంది, ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, బాట రకాలు బొమ్మలతో సహా కనిపిస్తాయి. నెలకు ఒకటో రెండో బాటలు చేర్చేవారికి ఇంతకు మించినది అవసరం లేదు.

జోసమ్ కంప్యూటరులో జావాతో నడిచే పాత, బలమైన ఎడిటర్. చాలా ట్రాక్‌లను ఒకేసారి పేర్చి చూడటానికి, చిత్రాన్ని కచ్చితంగా జరపడానికి, తప్పులను ముందే వెతికి పట్టుకోవడానికి దానికి సాటి లేదు. అయితే దానిలో ఒక ప్రలోభం ఉంది. ట్రాక్‌ను నేరుగా గీతగా మార్చే ఆదేశం ఒక్క నొక్కుతో పనిచేస్తుంది. అలా మార్చిన గీతలో సెకనుకొక బిందువు చొప్పున వేల బిందువులు, జీపీఎస్ వణుకులన్నీ చేరిపోతాయి. ఒక గీతలో 2,000 బిందువులకు మించి సర్వరు తీసుకోదు. తీసుకునే పరిమితిలో ఉన్నా, విశ్రాంతికి చెట్టు కింద కూర్చున్నప్పుడు ఏర్పడిన గందరగోళపు ముడి కూడా బాటగా నమోదవుతుంది. ట్రాక్ మీద కొత్తగా చేత్తో గీయడమే సరైనది. మలుపు దగ్గర బిందువులు దగ్గరగా, మలుపులు లేని తిన్నని దారిలో దూరంగా పెట్టాలి. కళాశాల బృందం ఒకటి కలిసి పనిచేస్తే, అందరూ నడిచి రికార్డు చేయడం, ఒకరు జోసమ్ నేర్చుకొని అందరి ట్రాక్‌లను కలిపి గీయడం మంచి ఏర్పాటు.

వెస్పుచ్చి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే పూర్తి ఎడిటింగ్‌కు వీలిస్తుంది, డేటాను ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ఐఫోన్‌లో గో మ్యాప్ ఇలాంటిదే. కంప్యూటరు లేనివారికి ఇవే దారి. చిన్న తెర మీద వేలితో పొడవైన కొండబాట గీయడం ఓపిక కోరే పని కాబట్టి, వీటిని నేను వివరాలు సరిచేయడానికే వాడమంటాను. ఉన్న గీతను రెండుగా విడదీసి ఒక భాగానికి మెట్లు అని రాయడం, గేటు చేర్చడం వంటివి అక్కడికక్కడే చేస్తే మరిచిపోవడం ఉండదు.

స్ట్రీట్‌కంప్లీట్ తీరు వేరు. అది గీతలు గీయించదు. ఇప్పటికే ఉన్న బాట దగ్గర నిలబడితే ‘నేల ఎలా ఉంది’ వంటి చిన్న ప్రశ్నలు అడిగి జవాబులను చేరుస్తుంది. కొత్త బాట దొరికితే నోట్ రాసి, నడిచిన ట్రాక్‌ను దానికి జతచేసి పంపవచ్చు. కొత్తగా చేరే విద్యార్థుల చేత మొదట ఊళ్లో దీనినే వాడించాలని నా సలహా. కర్నూలులో కొండారెడ్డి బురుజు పరిసరాల్లో ఒక సాయంత్రం ఈ ప్రశ్నలకు జవాబులిస్తూ తిరిగితే, పటంలో ఏ వివరాలు అవసరమో అర్థమై, కొండ ఎక్కినప్పుడు ఏమి గమనించాలో వారికే తెలుస్తుంది.

గీతకు ఏమి రాయాలి

గీత గీయడంతో సగం పనే పూర్తవుతుంది. రకం ఎంచుకునే విషయంలో పటమంతటా గందరగోళం ఉంది. ట్రాక్టరు, బండి పోగల దారిని ‘ట్రాక్’గా రాయాలి (ఇది బాట రకం పేరు, ఫోన్‌లో రికార్డు చేసే ట్రాక్ కాదు). మనిషి మాత్రమే పోగల కొండదారిని ‘పాత్’గా రాయాలి. పట్టణంలో కాలినడకకే వేసిన దారికి ‘ఫుట్‌వే’ సరిపోతుంది. మెట్లున్న భాగాన్ని విడదీసి ‘స్టెప్స్’ అనాలి, లేకపోతే మోకాళ్ల నొప్పులున్న యాత్రికులకు, సైకిలు మీద వచ్చినవారికి దారి తప్పుగా చూపబడుతుంది. మన పల్లెల్లో మోటారుసైకిళ్లు పోని సన్నబాట అరుదు. ఆ కారణంగా దానిని ‘ట్రాక్’గా మార్చకుండా, ‘పాత్’గానే ఉంచి మోటారుసైకిలు పోగలదని విడిగా రాయడం మంచిది.

నేల తీరు, బాట ఎంత స్పష్టంగా కనిపిస్తుంది, ఎంత కష్టమైనది అన్నవి తర్వాతి వివరాలు. నాపరాతి బండల మీది దారికి నేల ‘రాక్’ అని, కనిపించే తీరు తక్కువ అని రాస్తే, చీకటి పడ్డాక ఆ దారి ఎంచుకోకూడదని చూసేవారికి తెలుస్తుంది. కష్టాన్ని కొలిచే శాక్ స్కేలు ఆల్ప్స్ కొండల కోసం స్విస్ వారు రూపొందించినది. మన గుత్తి కోట వంటి రాతిబాటలకు, చేతులు ఆన్చవలసిన చోట తప్ప, మొదటి రెండు అంచెలకు మించి రాయనక్కరలేదు.

నీరు, ఋతువు గురించిన సమాచారం మన ప్రాంతంలో ప్రాణం నిలిపేది. ఎగువ అహోబిలం నుండి జ్వాలా నరసింహస్వామి సన్నిధికి పోయే దారి భవనాశి వెంబడి సాగుతుంది. వాన పడినప్పుడు దాటే చోట్లు మారిపోతాయి. వంకను దాటే బిందువు దగ్గర అది వంతెనా, రాళ్ల మీద దాటడమా అన్నది తప్పక రాయాలి. దోన, చెలమ, బావి కనిపిస్తే వాటిని విడిగా గుర్తించి, తాగదగిన నీరని ఖాయంగా తెలిసినప్పుడే అలా రాయాలి. ఎండాకాలంలో ఎండిపోయే దోనను ఏడాది పొడవునా నీళ్లుండేదిగా చూపిన పటం, అసలు చూపని పటం కంటే ప్రమాదకరం.

పేర్ల విషయంలో గొర్రెల కాపరులను మించిన ఆధారం లేదు. ప్రతి కనుమకు, కోనకు, వంకకు వారి దగ్గర పేరు ఉంటుంది, ఆ పేర్లలో చాలావరకు ఏ పటంలోనూ లేవు. వాటిని తెలుగు లిపిలో తెలుగు పేరు అన్న అరలో చేర్చాలని ప్రతి ఒక్కరినీ వేడుకుంటున్నాను. అయితే ‘గుడికి పోయే బాట’ వంటివి వర్ణనలే గానీ పేర్లు కావు, వాటిని పేరు అరలో రాయకూడదు.

అనుమతి, వదిలివేయవలసినవి

పటం గీయడం నేరమేమోనన్న జంకు ఇంకా చాలామందిలో ఉంది. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ విడుదల చేసిన మార్గదర్శకాలు పటాల తయారీకి ముందస్తు అనుమతుల అవసరాన్ని తొలగించాయి. 1 మీటరు కంటే సూక్ష్మమైన డేటాకే విదేశీ సంస్థల విషయంలో పరిమితులు పెట్టాయి. ఫోన్ ట్రాక్ ఆ స్థాయి దరిదాపులకు కూడా రాదు. అడవిలోకి ప్రవేశం మాత్రం వేరే విషయం. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ, కడప దగ్గరి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలోనూ అడుగుపెట్టడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అటవీశాఖ అనుమతి అవసరం. ఉన్న బాటను పటం నుండి తొలగించడం కంటే, దానికి అనుమతి అవసరమని రాయడం మేలు. తొలగిస్తే తర్వాత వచ్చినవారు మళ్లీ గీస్తారు, ఆ హెచ్చరిక లేకుండా.

కొన్ని మాత్రం గీయకుండా వదిలివేయడమే సరైనదని నా దృఢమైన అభిప్రాయం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా చిట్టడవుల్లోనే మళ్లీ కనిపించింది. దాని జాడ ఉన్న పొదల మధ్య దారులను, గూళ్ల చోట్లను పటంలో పెట్టడం ఆ పక్షికి హాని. అలాగే ఎర్రచందనం దొంగలు నరికి తెరిచిన జాడలు ప్రజల బాటలు కావు. ఉపగ్రహ చిత్రంలో అవి ఎంత స్పష్టంగా కనిపించినా, పాలకొండల్లో, శేషాచలం వైపు అడవుల్లో వాటిని గీయవద్దు. ఊరివారు, భక్తులు, కాపరులు బహిరంగంగా నడిచే దారా కాదా అన్న ఒక్క ప్రశ్న ఈ విషయంలో దాదాపు అన్ని సందేహాలనూ తీరుస్తుంది.

గీసిన తర్వాత

సేవ్ చేసేటప్పుడు ఏమి చేశారో, ఎలా తెలుసుకున్నారో రెండు వాక్యాల్లో రాయాలి. ‘గుత్తి కోట మెట్లదారి, నడిచి రికార్డు చేసినది’ అంటే చాలు. తర్వాత సరిచూసేవారు చిత్రం చూసి గీసినదానికంటే దానికి ఎక్కువ విలువ ఇస్తారు. మార్పు సైటులోని ప్రధాన పటంలో సాధారణంగా కొద్ది నిమిషాల్లో కనిపిస్తుంది. ఫోన్‌లో దించుకొని వాడే యాప్‌లలో మాత్రం వాటి పటాలు కొత్తవయ్యేదాకా, అంటే కొన్ని వారాల పాటు, ఎదురుచూడాలి. పండుగకో జాతరకో ఉపయోగపడాలని గీసేవారు కనీసం ఒకటి రెండు నెలల ముందే పని ముగించాలి.

చివరి పరీక్ష సైటులోనే ఉంది. దారి చూపే చోట కాలినడక ఎంచుకొని, తారురోడ్డు మీద ఒక బిందువు నుండి కొండపైకి దారి అడగాలి. కొత్త బాట మీదుగా దారి వస్తే పని సరిగా జరిగినట్టు. అది ఎటో చుట్టుతిరిగి పోతే గానీ, కొండ అడుగునే ఆగిపోతే గానీ, మీ గీత మొదటి బిందువు రోడ్డు గీతకు తగిలినట్టు కనిపిస్తున్నా దానితో కలవలేదని అర్థం. ఐడీలో ఆ బిందువును పట్టుకొని రోడ్డు గీత మీదకు లాగి వదిలితే రెండూ ఒకే బిందువును పంచుకుంటాయి. దారి లెక్కగట్టే సర్వర్లు కొత్త డేటాను తీసుకోవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి, మరునాడు మళ్లీ అడిగి చూడాలి.